దెయ్యాలు కోర్టుకెక్కితే..!

హత్య కేసులో నిందితుణ్ని పట్టించింది ఓ దెయ్యం చెప్పిన మాట. ఇల్లు కొన్న పెద్దమనిషి ఫిర్యాదు ఇంట్లోని దెయ్యాల మీద. ఎస్టేటు నాదేనంటూ దావా వేసిన సన్యాసి... అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ల కిందటే 'చనిపోయిన' రాజకుమారుడు. ఇవేవీ విఠలాచార్య సినిమా కథలు కావు. నల్లకోట్ల లాయర్లు వాదించి, జడ్జీలు తలలు పట్టుకుని తీర్పులు చెప్పిన అసలు సిసలు కేసులు!

దెయ్యాలకూ కోర్టులకూ అసలు పొత్తు కుదరదు. దెయ్యానికి అర్ధరాత్రి కావాలి. కోర్టు పొద్దున పదిన్నరకు గానీ మొదలవదు. దెయ్యం ఊరి చివర చింతచెట్టు మీద కాపురముంటుంది. సమన్లు అందుకోవాలంటే డోర్ నంబరు ఉండాలి. దెయ్యానికి కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. కోర్టుకేమో వేలిముద్ర కావాలి. అయినా సరే, చరిత్రలో అప్పుడప్పుడూ ఈ రెండూ ఎదురుపడ్డాయి. ఎదురుపడిన ప్రతిసారీ జనానికి ఓ పక్క నవ్వొచ్చింది, మరోపక్క వెన్నులో వణుకు పుట్టింది. ఇంతకీ ఎవరు గెలిచారు?

కూతురొచ్చి చెప్పింది

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, గ్రీన్‌బ్రయర్ కౌంటీ. 1897 జనవరి 23. కమ్మరి పని చేసే ఎడ్వర్డ్ షూ, ఇంట్లో తన భార్యకు ఏమైనా కావాలేమో కనుక్కు రమ్మని పొరుగున ఉండే ఓ కుర్రాణ్ని పంపాడు. కుర్రాడు వెళ్లేసరికి ఆమె మెట్ల దగ్గర నేలమీద పడి ఉంది. ఒంట్లో ప్రాణం లేదు. ఆమె పేరు జోనా. పెళ్లయి మూడు నెలలు.

డాక్టరు వచ్చేసరికి షూ చేయాల్సినవన్నీ చేసేశాడు. శవాన్ని మేడ మీదికి తీసుకెళ్లాడు. స్నానం చేయించాడు. మెడ చుట్టూ బిగుతుగా ఉండే పొడుగు కాలరు గౌను తొడిగాడు. మామూలుగా ఆ ఊళ్లో ఆ పనులన్నీ ఆడవాళ్లు చేస్తారు. డాక్టరు పరీక్ష చేస్తుంటే ఆమె తలను ఒళ్లో పెట్టుకుని భోరుమన్నాడు. మెడ దగ్గర చెయ్యి పెట్టబోతే మాత్రం కస్సుమన్నాడు. పాపం, దుఃఖంలో ఉన్నాడులే అనుకుని డాక్టరు వెళ్లిపోయాడు. మొదట 'ఎడతెగని మూర్ఛ' వల్ల చనిపోయిందని రాసి, తర్వాత ప్రసవ సంబంధమైన కారణమన్నాడు. అంతిమ యాత్రలో కూడా షూ శవపేటిక దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. ఆమె మెడకు తనే ఓ స్కార్ఫ్ చుట్టాడు. అది ఆమెకు ఎంతో ఇష్టమైందని చెప్పాడు.

జోనా తల్లి మేరీ జేన్ హీస్టర్‌కు అల్లుడంటే మొదట్నుంచీ గిట్టదు. నా కూతుర్ని వాడే చంపాడంటే విన్నవాళ్లు లేరు. అత్తకి అల్లుడి మీద అనుమానం రావడం ఏ దేశంలో మాత్రం కొత్త? ఆవిడ నెల రోజులపాటు రోజూ ప్రార్థన చేసింది. ఆ తర్వాత ఓ రోజు ప్రభుత్వ న్యాయవాది జాన్ ప్రెస్టన్ దగ్గరికెళ్లి కూర్చుంది. జోనా వరుసగా నాలుగు రాత్రులు తన దగ్గరికి వచ్చిందనీ, అది కల కాదనీ చెప్పింది. రాత్రి భోజనంలోకి మాంసం వండలేదని కోపంతో భర్తే మెడ విరిచేశాడని కూతురు చెప్పిందట. నమ్మకం కుదరడానికి కాబోలు, తలను వెనక్కి పూర్తిగా తిప్పి మరీ చూపించిందట!

దెయ్యం మాట నమ్మి ప్రెస్టన్ కేసు పెట్టలేదు. ఆయన ముందు డాక్టర్ని నిలదీశాడు. మెడను సరిగా చూడలేదని డాక్టరు ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి 22న శవాన్ని బయటికి తీసి ఊరి బడిలోనే పరీక్ష చేశారు. మెడ ఎముక విరిగింది. గొంతు నలిగింది. చర్మం మీద వేళ్ల గుర్తులున్నాయి.

విచారణలో అసలు తమాషా జరిగింది. ప్రభుత్వ న్యాయవాది దెయ్యం ఊసే ఎత్తలేదు. ఎత్తితే కేసు నవ్వులపాలవుతుందని భయం. కానీ షూ తరఫు లాయరు అతి తెలివికి పోయాడు. ఆవిణ్ని పిచ్చిదాని కింద జమకట్టాలని 'దెయ్యం ఏం చెప్పింది?' అంటూ తవ్వి తవ్వి అడిగాడు. ఆవిడ తడబడకుండా మొత్తం చెప్పింది. అలా దెయ్యం మాటను జ్యూరీ చెవిన వేసింది నిందితుడి లాయరే! షూకు యావజ్జీవ శిక్ష పడింది. అతనికి జోనా మూడో భార్య. రెండో భార్య కూడా పెళ్లయిన ఏడాదిలోపే అనుమానాస్పదంగా చనిపోయింది. ఏడుగుర్ని పెళ్లాడాలన్నది తన కోరికని జైల్లో గొప్పలు చెప్పుకున్న షూ, 1900లో అక్కడే పోయాడు.

ఆ ఊరి దగ్గర రోడ్డు పక్కన ప్రభుత్వమే ఓ ఫలకం పెట్టించింది. దెయ్యం సాక్ష్యం హంతకుడికి శిక్ష పడేలా చేసిన ఏకైక కేసు ఇదేనని దాని మీద ఉంటుంది. కానీ దస్త్రాలు తిరగేసినవాళ్లకు మరో సంగతి కనిపించింది. జోనా మరణవార్త వేసిన స్థానిక పత్రిక సంచికలోనే ఆస్ట్రేలియాకు చెందిన ఓ దెయ్యం కథ కూడా అచ్చయింది. హత్యకు గురైన మనిషి దెయ్యమై కనిపించి హంతకుణ్ని పట్టించిన కథ అది! మేరీ జేన్ అది చదివిందో లేదో చెప్పడం కష్టం. 1916లో చనిపోయేదాకా ఆవిడ తన మాట మార్చుకోలేదు. ఒక్కటి మాత్రం నిజం. కన్నతల్లి అనుమానాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అదే మాట దెయ్యం చెప్పిందనేసరికి ఊరంతా చెవులు రిక్కించింది.

ఆత్మలకు జైలు లేదు... పిలిచినావిడకు ఉంది

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బ్రిటన్‌లో ఇంటింటా ఎవరో ఒకరు యుద్ధానికి వెళ్లినవాళ్లే. తిరిగిరానివాళ్లతో ఒక్క మాటైనా మాట్లాడాలని తల్లులూ భార్యలూ తపించిపోతున్న కాలం. స్కాట్లాండ్‌కు చెందిన హెలెన్ డంకన్ అలాంటివాళ్లకు ఆత్మల్ని 'పిలిచి' చూపించేది. చీకటి గదిలో తెర వెనక కూర్చుంటే ఆవిడ నోట్లోంచి తెల్లటి పదార్థమేదో జారేది. దాన్నే ఆత్మ రూపం అనేవాళ్లు. అది పల్చటి గుడ్డ తప్ప మరోటి కాదని పరిశోధకులు 1931లోనే తేల్చారు. 1933లో ఎడిన్‌బరోలో ఒకావిడ ఏకంగా ఓ 'ఆత్మ'ను చేత్తో పట్టుకుని లాగింది. తీరా చూస్తే అది లోపల తొడుక్కునే బనీను! డంకన్‌కు కోర్టు పది పౌన్ల జరిమానా వేసింది.

అయినా గిరాకీ తగ్గలేదు. 1941 నవంబరు 25న బ్రిటిష్ యుద్ధనౌక 'బార్‌హామ్'ను ఈజిప్టు తీరానికి దూరంగా జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఎనిమిది వందల మందికి పైగా నావికులు చనిపోయారు. శత్రువుకు తెలియకూడదని ప్రభుత్వం ఆ వార్తను రెండు నెలలు దాచింది. ఆ మధ్యలోనే నౌకాస్థావరమున్న పోర్ట్స్‌మౌత్‌లో డంకన్ పెట్టిన కూటంలో ఓ నావికుడి ఆత్మ వచ్చిందనీ, టోపీ మీద బార్‌హామ్ పేరు ఉందనీ గుప్పుమంది. సర్కారు దాచిన రహస్యం ఆత్మకెలా తెలిసింది?

ఇందులో పెద్ద మాయేం లేదంటారు చరిత్రకారులు. చనిపోయిన నావికుల కుటుంబాలకు ప్రభుత్వం విడివిడిగా ఉత్తరాలు రాసి, ఎవరికీ చెప్పొద్దని కోరింది. అన్ని వందల ఇళ్లకు తెలిసిన రహస్యం, అదీ నావికుల ఊళ్లో... ఎంతకాలం దాగుతుంది?

1944 జనవరిలో పోర్ట్స్‌మౌత్‌లోనే పోలీసులు ఆవిడ కూటం మీద దాడి చేశారు. మామూలుగా అయితే చిన్న జరిమానాతో పోయే కేసు. కానీ ప్రభుత్వం 1735 నాటి మంత్రగత్తెల చట్టాన్ని బూజు దులిపి బయటికి తీసింది. ఈ చట్టం చాలామంది అనుకునేట్టు మంత్రగత్తెల్ని కాల్చమనే చట్టం కాదు. మంత్రాలూ మహిమలూ లేవు కాబట్టి, ఉన్నట్టు నటించడమే నేరమంటుంది అది. కావాలంటే కోర్టులోనే ఆత్మను పిలిచి చూపిస్తామన్నారు డంకన్ లాయర్లు. ఆ ముచ్చట మాత్రం జరగలేదు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు ఆవిడకు తొమ్మిది నెలల జైలు వేసింది.

ఓ పక్క యుద్ధం నడుస్తుంటే ఈ గోల ఏమిటని ప్రధాని చర్చిల్‌కు చిర్రెత్తుకొచ్చింది. కాలం చెల్లిన ఆ చట్టాన్ని వాడటమెందుకు, ప్రజాధనం ఎంత తగలేశారు చెప్పమంటూ హోంమంత్రికి చీటీ పంపాడు. 1951లో ఆ చట్టాన్ని రద్దు చేసి, ఆత్మల పేరుతో డబ్బు గుంజే మోసగాళ్ల కోసం వేరే చట్టం తెచ్చారు. డంకన్‌ది మోసమేనని రుజువులున్నాయి. కానీ బిడ్డ చనిపోయాడని తెలిసీ బయటికి ఏడవలేక, ఆ చీకటి గదుల్లో కూర్చున్న తల్లుల బాధ మాత్రం మోసం కాదు.

'చట్టరీత్యా ఇది దెయ్యాల కొంప'

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు వాస్తు చూస్తారు, లింకు డాక్యుమెంట్లు చూస్తారు, బోరులో నీళ్లు పడ్డాయా అని చూస్తారు. ఇంట్లో దెయ్యాలున్నాయా అని అమ్మేవాళ్లను అడగాలని మాత్రం ఎవరికి తోస్తుంది?

న్యూయార్క్‌కు దగ్గర్లో హడ్సన్ నది ఒడ్డున నయాక్ అనే ఊరుంది. అక్కడో పాతకాలపు పెద్ద ఇల్లు. 1989లో న్యూయార్క్ నగరానికి చెందిన ఒకాయన దాన్ని ఆరున్నర లక్షల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుని, 32,500 డాలర్లు బయానా ఇచ్చాడు. తర్వాత తెలిసింది... ఊళ్లో అందరికీ అది దెయ్యాల కొంపేనని! ఆ ఇంటి యజమానురాలే తమ ఇంట్లో ఆత్మలున్నాయంటూ 1977లో రీడర్స్ డైజెస్ట్‌కు రాసింది. స్థానిక పత్రికల్లోనూ వచ్చింది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు చూపించే ఇళ్లలో అదీ ఒకటైంది. ఊరందరికీ చెప్పినావిడ కొనేవాడికి మాత్రం చెప్పలేదు.

ఆయన గగ్గోలు పెట్టి కోర్టుకెళ్లాడు. 'కొనేవాడే చూసుకుని కొనుక్కోవాలి' అన్నది పాత సూత్రం. కింది కోర్టు దాని ప్రకారమే కేసు కొట్టేసింది. అప్పీలులో కథ అడ్డం తిరిగింది. 1991లో అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు కొనుగోలుదారు పక్షాన నిలిచారు. యజమానురాలు తన ఇంట్లో దెయ్యాలున్నాయని లోకమంతా చాటింది కాబట్టి ఇప్పుడు లేవనడానికి వీల్లేదన్నారు. కనుక 'చట్టరీత్యా ఈ ఇంట్లో దెయ్యాలు ఉన్నట్టే' అని తీర్పులో రాశారు!

ఆ తీర్పు నిండా చమత్కారాలే. ఇల్లు కొనేవాడు గోడలు చూసే ఇంజినీరుతో పాటు ఆత్మల్ని చూసేవాళ్లనూ వెంట తీసుకెళ్లాలా అని జడ్జి చురక వేశారు. అమ్మకం ఒప్పందం ప్రకారం ఇల్లు ఖాళీ చేసి అప్పగించాలి. దెయ్యాలు అందులోనే ఉంటే ఇల్లు ఖాళీ చేసినట్టు ఎలా అవుతుందని ఇంకో మెలిక పెట్టారు. నవ్వులాటగా కనిపించినా అసలు సంగతి వేరు. దెయ్యాలు నిజంగా ఉన్నాయా లేవా అన్నది కోర్టు తేల్చలేదు. ఇంటి విలువ తగ్గించే విషయాన్ని అమ్మేవాళ్లు దాచారా లేదా అన్నదే చూసింది. అందుకే అమెరికా లా కాలేజీల్లో ఈ తీర్పును పాఠంగా చెబుతారు.

కాటి నుంచి కోర్టుకు

పక్క దేశాల సంగతి సరే, ఇక మన ఉపఖండానికి వద్దాం. ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ఢాకాకు దగ్గరగా ఉన్న భవాల్ అప్పట్లో తూర్పు బెంగాల్‌లోని పెద్ద జమీందారీల్లో ఒకటి. రెండో కుమారుడు రమేంద్ర నారాయణ్ రాయ్‌కు వేట, విలాసాలు తప్ప మరో ధ్యాస లేదు. ఆ విలాసాల ఫలితంగా జబ్బూ పట్టుకుంది. 1909లో గాలి మార్పు కోసమని భార్య, బావమరిది, కుటుంబ వైద్యుడితో కలిసి డార్జిలింగ్ వెళ్లాడు. మే 8న చనిపోయాడని కబురొచ్చింది. అక్కడే దహనం చేశామన్నారు.

పన్నెండేళ్లు గడిచాయి. మిగతా ఇద్దరు అన్నదమ్ములూ పోయారు. ఎస్టేటు ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్లింది. అప్పుడు... ఢాకాలో బూడిగంగ నది గట్టు మీద ఒళ్లంతా విభూతి పూసుకున్న ఓ సాధువు కనిపించాడు. చూసినవాళ్లు చూసినట్టు కొయ్యబారిపోయారు. అచ్చం చనిపోయిన కుమారుడే! అక్క జ్యోతిర్మయి ఇంటికి పిలిచి దగ్గరగా చూసింది. ఒంటి మీద మచ్చలు కలిశాయి. 1921 మే 4న వేల మంది రైతుల ముందు ఆయన తన పేరు చెప్పాడు... రమేంద్ర నారాయణ్ రాయ్!

ఆయన చెప్పిన కథ ఇదీ. తనకు విషం పెట్టారు. చనిపోయాననుకుని శ్మశానానికి మోసుకెళ్లారు. గాలివాన మొదలై వెంట వచ్చినవాళ్లు తల దాచుకోవడానికి పరుగెత్తారు. తడిసి ముద్దయి కదులుతున్న 'శవాన్ని' నాగ సాధువులు చూసి కాపాడారు. గతమంతా మరిచిపోయి వాళ్లతోనే దేశమంతా తిరిగాడు. భార్య బిభావతీ దేవి మాత్రం ఆయన తన భర్త కానే కాదంది. ప్రభుత్వం కూడా మోసగాడనే తేల్చింది. రైతులు మాత్రం ఆయన్ను రాజాగారనే పిలిచారు, నజరానాలిచ్చారు.

1930లో ఆయన దావా వేశాడు. దేశం మొత్తం ఈ కేసు గురించే మాట్లాడుకుంది. రెండు పక్షాలా కలిపి వెయ్యిమందికి పైగా సాక్షులొచ్చారు. డార్జిలింగ్‌లో ఆ సాయంత్రం వాన పడిందా లేదా అన్న దాని మీదే రోజుల తరబడి వాదనలు. జడ్జి పన్నాలాల్ బసు ఆత్మల మాటా, మహిమల మాటా పట్టించుకోలేదు. చర్మం తీరు, పాత గాయాల మచ్చలు, జబ్బు ఆనవాళ్లు, చేతిరాత, ఫొటోలు... వీటినే ఒక్కొక్కటిగా సరిపోల్చాడు. 1936లో సన్యాసే కుమారుడని తీర్పు చెప్పాడు. 1940లో కలకత్తా హైకోర్టు, 1946 జులై 30న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాన్నే ఖాయం చేశాయి.

గెలిచిన కబురు అందగానే ఆయన కలకత్తాలో కాళీమాత గుడికి వెళ్లాడు. అక్కడే పక్షవాతంతో కుప్పకూలి, రోజుల వ్యవధిలో కన్నుమూశాడు. బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి పదహారేళ్లు పట్టింది. ఆ రుజువు చేతికొచ్చాక మాత్రం వారం రోజులైనా బతకలేదు. ఈసారి దహనం గురించి ఎవరికీ అనుమానం రాలేదు.

దెయ్యం కాని దెయ్యం

భవాల్ సన్యాసికి కనీసం రాజకుమారుడన్న పేరుంది. మరి సామాన్యుడు 'చనిపోతే'? ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీకి అదే అనుభవమైంది. 1970ల్లో అప్పు కోసం కాగితాలు తెచ్చుకుందామని రెవెన్యూ ఆఫీసుకు వెళ్తే, రికార్డుల ప్రకారం నువ్వు చచ్చిపోయావు పొమ్మన్నారు. ఆయన వంతు పొలం బంధువుల పేరు మీదికి ఎక్కింది. అందుకోసం ఆయన్ను కాగితం మీద చంపేశారు. కత్తి లేదు, రక్తం లేదు. ఓ కలంపోటు, అంతే!

బతికున్న మనిషి ఎదురుగా నిలబడినా గుమస్తా నమ్మడు. రికార్డు చెప్పిందే వేదం. దాంతో లాల్ బిహారీ ప్రభుత్వ పుస్తకాల్లో ఎలాగైనా ఓ చోట తన పేరు ఎక్కించాలని నానా తంటాలు పడ్డాడు. తన భార్యకు వితంతు పింఛను ఇవ్వమని దరఖాస్తు పెట్టించాడు. పోలీసు కేసైనా పెడతారన్న ఆశతో బంధువుల పిల్లాణ్ని ఎత్తుకెళ్లాడు. చనిపోయినవాడి మీద కేసు పెట్టలేరు కదా! 1988లో అలహాబాద్‌లో వి.పి.సింగ్ మీద, 1989లో అమేథీలో రాజీవ్‌గాంధీ మీద ఎన్నికల్లో పోటీ చేశాడు. పేరు చివర 'మృతక్' అని తగిలించుకున్నాడు. తనలాంటి 'మృతుల'ను కూడగట్టి మృతక్ సంఘం పెట్టాడు. అలాంటివాళ్లు ఒక్కరిద్దరు కాదు, వందల సంఖ్యలో బయటపడ్డారు. అందరి చావుకూ కారణం ఒకటే... భూమి.

1994 జూన్ 30న లాల్ బిహారీ అధికారికంగా 'మళ్లీ పుట్టాడు'. 2003లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి దక్కింది. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే బహుమతి అది. చచ్చిపోయి కూడా చురుగ్గా జీవించినందుకు, అత్యాశ బంధువుల మీదా బద్ధకపు అధికారుల మీదా 'మరణానంతరం' పోరాడినందుకు ఇస్తున్నామన్నారు నిర్వాహకులు. ఆయన కథతో 2021లో 'కాగజ్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది.

మన గోడల మీద... మన ఊళ్లలో...

దెయ్యాన్ని చూసి నవ్వుకునే కథలు మనకూ ఉన్నాయి. 1990ల్లో తెలుగు ఊళ్లలో ఏ ఇంటి తలుపు చూసినా 'ఓ స్త్రీ రేపు రా' అన్న రాతే. రాత్రిళ్లు ఓ ఆడదెయ్యం వచ్చి తలుపు తడుతుందనీ, ఆ రాత చదివి వెనుదిరుగుతుందనీ నమ్మకం. రోజూ వచ్చి, రోజూ 'రేపు' అనుకుని బుద్ధిగా వెళ్లిపోయే దెయ్యం! అప్పులవాళ్లకు కూడా ఇదే చిట్కా పనిచేస్తే ఎంత బాగుండునని జనం జోకులేసుకునేవాళ్లు. కర్ణాటకలోనూ అచ్చం ఇదే మాట కన్నడంలో 'నాళె బా' అంటూ తలుపుల మీద కనిపించింది. చదువొచ్చిన దెయ్యం, పైగా రెండు భాషలొచ్చిన దెయ్యం!

ఆ దెయ్యం ఎవర్నీ ఏమీ చేయలేదు. కానీ అదే భయం ఓ మనిషి వైపు వేలు చూపిస్తే? అక్కడితో నవ్వు ఆగిపోతుంది. ఊళ్లో వరుసగా జ్వరాలొచ్చాయి. ఓ పసిబిడ్డ చనిపోయింది. గేదె పాలివ్వడం మానేసింది. ఎవరో చేతబడి చేశారని ఒకరంటారు. బాణామతేనని ఇంకొకరు తలూపుతారు. అనుమానం ఎప్పుడూ ఊరి పెద్ద మీదికి పోదు. ఒంటరి ముసలావిడ మీదికి, ఎవరూ లేని వితంతువు మీదికి, పొలం గట్టు తగాదా ఉన్న పేదవాడి మీదికే పోతుంది. మంత్రం పలకకుండా పళ్లూడగొట్టిన ఘటనలు, కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో మంత్రాల నెపంతో 85 హత్యలు జరిగాయి.

ఇలాంటి ఊళ్లలోకి విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లూ, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలూ వెళ్లి నిప్పుల మీద నడిచి చూపించారు. నాలుక మీద కర్పూరం వెలిగించారు. ఇందులో మహిమ లేదు, కిటుకే ఉందని విడమరిచి చెప్పారు. జ్వరానికి డాక్టర్ని పిలవమన్నారు. బిహార్ 1999లోనూ, జార్ఖండ్ 2001లోనూ ఆడవాళ్ల మీద మంత్రగత్తె ముద్ర వేయడాన్నే నేరం చేస్తూ చట్టాలు తెచ్చాయి. మంత్రాలు ఉన్నాయా లేవా అన్న చర్చ అక్కడ లేదు. పేరు పెట్టి వేలు చూపించినవాళ్లే ముద్దాయిలు.

కోర్టుకెక్కిన కథలన్నిట్లోనూ తేలింది ఇదే. తెర తీసి చూస్తే ప్రతిసారీ దెయ్యం ఉండాల్సిన చోట మనిషే ఉన్నాడు. మెడ విరిచింది మొగుడు. బనీనును ఆత్మ చేసింది డబ్బు కక్కుర్తి. లాల్ బిహారీని చంపింది బంధువుల భూదాహం. గోడ మీద రాతకు వెనుదిరిగి వెళ్లిపోయేంత మర్యాద దెయ్యానికుంది గానీ, మనిషికి లేదు.

దెయ్యం సాక్ష్యం చెప్పిన కేసులు చాలా అరుదు. దెయ్యం పేరు చెప్పి చేసిన ఘోరాలకు మాత్రం లెక్కలేదు. నిజంగానే దెయ్యాలంటూ ఉంటే, మనుషుల మీద పరువు నష్టం దావా వేయడానికి ఈపాటికి కోర్టుల ముందు బారులు తీరి ఉండేవి!